ఇంట్లో నాస్‌కి ఏ యూపీఎస్? ఏపీసీ బ్యాక్-యూపీఎస్ ప్రో 1000 వాడాక నా మాట

నాస్ అంటే ఇంటి నెట్‌వర్క్‌లో అందరి ఫైళ్లూ దాచే డిస్కుల మెషీన్. దాని కోసం యూపీఎస్ కొనేవాళ్లు అందరూ ముందు అడిగేది "ఎంతసేపు ఆగుతుంది?" అని. నన్నడిగితే ముందు పెట్టెను వెనక్కి తిప్పి డేటా పోర్ట్ ఉందా లేదా చూడండి. పోర్ట్ లేని యూపీఎస్ గంటసేపు లాగినా సరే, బ్యాటరీ ఖాళీ అయిన క్షణంలో నాస్ టక్కున ఆగిపోతుంది, డిస్కులు ఇంకా రాస్తూ ఉండగానే. ఇప్పుడు పోవాల్సిన కరెంటు గంట తర్వాత పోయేలా చేసుకోవడానికి డబ్బులు పోసినట్టు లెక్క. పోర్ట్ ఉన్నదైతే పది నిమిషాలే ఆగినా కరెంటు పోయిందన్న సంగతి నాస్‌కి చెబుతుంది, నాస్ తెరిచిన ఫైళ్లన్నీ మూసుకుని పద్ధతిగా ఆగుతుంది. మనకు కావాల్సింది అదే.

నేను వాడుతున్నది ఏపీసీ బ్యాక్-యూపీఎస్ ప్రో 1000, మోడల్ నంబర్ బీఆర్1000జీ-ఐఎన్. 1000 వీఏ (వోల్ట్-ఆంపియర్లు), నిజంగా ఇవ్వగలిగే పవర్ 600 వాట్లు. ఉండేది హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్‌లో. యూపీఎస్ మీద నాలుగు డిస్కుల సైనాలజీ నాస్, ప్రాక్స్‌మాక్స్ (ఒకే పీసీలో చాలా వర్చువల్ మెషీన్లు నడిపే సాఫ్ట్‌వేర్) నడిచే ఎన్100 ప్రాసెసర్ మినీ పీసీ, గిగాబిట్ నెట్‌వర్క్ స్విచ్, ఫైబర్ వాళ్లిచ్చిన ఓఎన్‌టీ (ఫైబర్ మోడెమ్), వైఫై రౌటర్ ఉన్నాయి. గోడ దగ్గర పవర్ మీటర్ పెట్టి చూస్తే అన్నీ కలిపి 75 వాట్లు, కాస్త అటూ ఇటూ. మరి 75 వాట్లకి 600 వాట్ల యూపీఎస్ దేనికి అంటారా? ఒకటి, చిన్న 600 వీఏ పెట్టెల్లో చాలావాటికి డేటా పోర్ట్ ఉండదు. రెండు, ఆ 600 అనేది వీఏ మాత్రమే, వాట్లలో చూస్తే 360 ఉంటుంది, బ్యాటరీ కూడా ఒక్కటే ఉంటుంది. మూడోది, 3.5 అంగుళాల డిస్క్ తిరగడం మొదలెట్టేటప్పుడు 12 వోల్ట్ల మీద 2 ఆంపియర్ల దాకా లాగుతుంది, అంటే ఒక్కో డిస్కుకి 20 వాట్ల పైన. అందుకే కొంచెం ఖాళీ ఉంచుకోవాలి. కొత్త బ్యాటరీతో నా లోడ్‌కి ముప్పావు గంట పైనే ఆగింది. అంతసేపు నాకు అక్కర్లేదు, ఎందుకో తర్వాత చెప్తా.

సికింద్రాబాద్ పార్క్‌లేన్ దగ్గర సీటీసీలో యూపీఎస్ అడిగితే ఏ షాపులోనైనా దాదాపు ఇదే వినబడుతుంది: "అన్నా, ఇది తీస్కో, రెండు పీసీలు మంచిగ నడుస్తయ్." యూఎస్‌బీ ఉందా అనడిగితే "ఫోన్ చార్జింగ్‌కా?" అని ఎదురు ప్రశ్న. నవ్వొచ్చినా తప్పు వాళ్లది కాదు, నిజంగానే కొన్ని యూపీఎస్‌లలో చార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే యూఎస్‌బీ రంధ్రం ఉంటుంది, దానిలోంచి డేటా రాదు. కాబట్టి "యూఎస్‌బీ ఉందా" అని కాకుండా "పీసీకి కనెక్ట్ చేస్తే బ్యాటరీ శాతం చూపిస్తుందా" అని అడగండి. ఇంకా మంచి పని ఏంటంటే, యూపీఎస్ కబుర్లు మెషీన్లకి చేరవేసే నట్ అనే ఓపెన్ సోర్స్ ప్రాజెక్ట్, అంటే నెట్‌వర్క్ యూపీఎస్ టూల్స్, వాళ్ల హార్డ్‌వేర్ జాబితా ఒకటి పెడుతుంది, అందులో మీ మోడల్ ఉందో లేదో చూసుకుని షాపుకి వెళ్లడం. నాస్ కంపెనీలైన సైనాలజీ, క్యూనాప్, పీసీని నాస్‌గా మార్చే ట్రూనాస్ సాఫ్ట్‌వేర్, ఈ మూడింట్లోనూ లోపల నడిచేది ఆ నట్టే.

ఇక మన ఇళ్లలో అసలు ప్రశ్న: "ఇన్వర్టర్ ఉంది కదా, మళ్లీ ఇదెందుకు?" మన రెండు రాష్ట్రాల్లో కాస్త స్థోమత ఉన్న ఏ ఇంట్లో చూసినా మూలన ఒక ఇన్వర్టర్, దాని పక్కన 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ కనబడతాయి. అది మంచిదే, నాలుగు ఫ్యాన్లు, లైట్లు గంటల తరబడి నడుపుతుంది. ఇప్పుడొచ్చే లుమినస్, మైక్రోటెక్, వి-గార్డ్ ఇన్వర్టర్లలో ప్యూర్ సైన్ వేవ్ (లైన్ కరెంటులా నున్నటి అల) కూడా దొరుకుతుంది, వేవ్‌ఫామ్, అంటే ఆ అల ఆకారం విషయంలో నా యూపీఎస్ కంటే అవే మేలు. గొడవల్లా రెండు చోట్ల. మొదటిది మారే సమయం. మన కరెంటు 50 హెర్ట్జ్, ఒక సైకిల్ అంటే 20 మిల్లీసెకన్లు. పీసీల పవర్ సప్లైకి ఉన్న ఏటీఎక్స్ ప్రమాణం ప్రకారం ఇన్‌పుట్ పోయాక దాదాపు 16 మిల్లీసెకన్లు నిలబడితే చాలు, అంతకంటే ఎక్కువసేపు నిలబడాలని ఎవరూ హామీ ఇవ్వరు. ఇన్వర్టర్‌ని ఎకో మోడ్‌లో ఉంచితే మారడానికి పట్టే టైమ్ దీన్ని సులువుగా దాటేస్తుంది. వెనకాల యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటే అది వేసి ఉంచండి, అప్పుడు చాలా అడాప్టర్లు తట్టుకుంటాయి. రెండోది, మామూలు ఇంటి ఇన్వర్టర్ నాస్‌తో మాట్లాడదు. బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ తగ్గి, ఎండాకాలం రాత్రి రెండు గంటలకి ఆగిపోతే నాస్‌కి తెలిసేది తను ఆరిపోయాకే.

అలాగని ఇన్వర్టర్ వదిలేయమనట్లేదు. ఇన్వర్టర్ లైన్ మీద ఉన్న సాకెట్‌కే ఈ యూపీఎస్ పెట్టుకోవడం నా దృష్టిలో అన్నిటికంటే మంచి ఏర్పాటు, ఇన్వర్టర్ గంటలు చూసుకుంటుంది, యూపీఎస్ ఆ మిల్లీసెకన్ల సందు పూడ్చి, ఇన్వర్టర్ కూడా చేతులెత్తేస్తే నాస్‌ని ఆపుతుంది. ఒక్క షరతు, ఇన్వర్టర్ ప్యూర్ సైన్ వేవ్ అయ్యుండాలి. పాత స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అవుట్‌పుట్‌ని ఏ మంచి యూపీఎస్ కూడా కరెంటు అని ఒప్పుకోదు, అదే పనిగా బ్యాటరీ మీదికి వెళ్లి కూర్చుంటుంది.

అపార్ట్‌మెంట్లలో దీనికి ఇంకో రూపం ఉంది, డీజీ, అంటే డీజిల్ జనరేటర్. కరెంటు పోయాక జనరేటర్ స్టార్ట్ అయ్యి లైన్ మారడానికి కొన్ని సెకన్లు, కొన్ని చోట్ల అర నిమిషం. మళ్లీ కరెంటు వచ్చాక వెనక్కి మారేటప్పుడు ఇంకోసారి చీకటి. అంటే కరెంటు ఒకసారి పోతే నాస్‌కి రెండు దెబ్బలు. యూపీఎస్ లేని నాస్‌ల పరిస్థితి డీజీ ఉన్న బిల్డింగుల్లోనే ఇంకా ఘోరం, "మాకు ఫుల్ బ్యాకప్ ఉందండీ" అని ధీమాగా ఉంటారు కదా. పైగా డీజీ మీద లోడ్ పెరిగినప్పుడల్లా, లిఫ్టులు కదిలినప్పుడల్లా వోల్టేజ్, ఫ్రీక్వెన్సీ ఊగుతాయి, యూపీఎస్ దాన్ని నమ్మక టిక్ టిక్ మని బ్యాటరీకీ లైన్‌కీ మధ్య అటూ ఇటూ మారుతూ ఉంటుంది. ఈ ఏపీసీలో సెన్సిటివిటీ (ఎంత చిన్న తేడాకి బ్యాటరీ మీదికి మారాలి అన్నది) తగ్గించుకునే వీలుంది, నేను దాన్ని అన్నిటికంటే తక్కువకి పెట్టాక ఆ గోల చాలావరకు తగ్గింది. ఈ సెట్టింగ్ లేని మోడల్ డీజీ ఉన్న బిల్డింగ్‌కి కొనకండి, బ్యాటరీ ఊరికే అరిగిపోతుంది.

ఇది లైన్ ఇంటరాక్టివ్ రకం. అంటే లో వోల్టేజ్ వచ్చినప్పుడు బ్యాటరీ ముట్టుకోకుండా లోపలి ట్రాన్స్‌ఫార్మర్‌తో పైకి లాగుతుంది, ఎక్కువైతే కిందికి దించుతుంది. ఊళ్లలో వేసవి సాయంత్రాలు మోటార్లన్నీ ఒకేసారి ఆన్ అయ్యి వోల్టేజ్ 180కి పడిపోయే చోట ఈ ఒక్క గుణం కోసమైనా కొనొచ్చు, వేరే స్టెబిలైజర్ అక్కర్లేదు.

దీనిలో నాకు నచ్చనిది వేవ్‌ఫామ్. బ్యాటరీ మీద ఉన్నప్పుడు వచ్చేది మెట్లు మెట్లుగా ఉండే సైన్ వేవ్, నిజమైనది కాదు. రెండు, నాలుగు డిస్కుల సైనాలజీ నాస్‌లు లాప్‌టాప్ తరహా అడాప్టర్ మీద నడుస్తాయి, మినీ పీసీ, రౌటర్ కూడా అంతే, వీటికి ఏ బాధా లేదు. కానీ మీది పెద్ద క్యాబినెట్, అందులో యాక్టివ్ పీఎఫ్‌సీ (పవర్ ఫ్యాక్టర్ సరిచేసే సర్క్యూట్) ఉన్న ఏటీఎక్స్ పవర్ సప్లై అయితే జాగ్రత్త, కొన్ని అలాంటి సప్లైలు ఈ మెట్ల వేవ్ మీద గుయ్యిమంటాయి, కొన్ని మారే క్షణంలో ఆగిపోతాయి కూడా. అలాంటి బిల్డ్‌కి ప్యూర్ సైన్ ఇచ్చేది తీసుకోవాలి, ఏపీసీలోనే అయితే స్మార్ట్-యూపీఎస్ వరస, ధర మాత్రం గట్టిగా పెరుగుతుంది. పాత ఆఫీస్ డెస్క్‌టాప్ తెచ్చి ట్రూనాస్ వేసుకున్నవాళ్లు కొనే ముందు దాని పవర్ సప్లై మీద ఉన్న స్టిక్కర్ ఒకసారి చదవండి.

ఇప్పుడు వైరు సంగతి. ఈ మోడల్ వెనక డేటా పోర్ట్ చూడ్డానికి అచ్చం లాన్ పోర్ట్‌లా ఉంటుంది, లాన్ పోర్ట్ కాదు. బాక్సులో ఒక చివర అలాంటి పిన్, ఇంకో చివర మామూలు యూఎస్‌బీ ఉన్న ప్రత్యేకమైన కేబుల్ వస్తుంది, దాన్ని ప్రాణంలా దాచుకోండి, పోతే పక్క షాపులో దొరకదు. సెకండ్ హ్యాండ్‌లో కొంటుంటే ముందు ఆ కేబుల్ ఉందా అని అడగండి, అది లేకుండా సగం ధరకి ఇచ్చినా నేనైతే ఆలోచిస్తాను. ఇంకోటి, ఇలాంటి యూపీఎస్‌లలో చాలావాటికి వెనకున్న సాకెట్లన్నీ బ్యాటరీ మీద ఉండవు, కొన్నిటికి సర్జ్ రక్షణ (వోల్టేజ్ ఒక్కసారిగా ఎగిస్తే కాపాడడం) మాత్రమే. రాసి ఉంటుంది, చదివి పెట్టండి.

సాఫ్ట్‌వేర్ వైపు సైనాలజీలో పని చాలా తేలిక. కేబుల్ నాస్‌కి గుచ్చి, కంట్రోల్ ప్యానెల్‌లో హార్డ్‌వేర్ అండ్ పవర్‌లోకి వెళ్లి యూపీఎస్ ట్యాబ్‌లో టిక్ పెడితే అదే గుర్తుపడుతుంది, ఎంతసేపటి తర్వాత సేఫ్ మోడ్‌లోకి (అన్నీ మూసుకుని ఆగే స్థితికి) వెళ్లాలో టైమ్ పెట్టొచ్చు. నేను పెట్టింది ఐదు నిమిషాలు. కారణం ఏంటంటే, డీజీ రావాలంటే అర నిమిషంలో వచ్చేస్తుంది, ఐదు నిమిషాలైనా రాలేదంటే అది చిన్న కట్ కాదు, డీజీలో డీజిల్ అయినా అయిపోయుండాలి, ఏదైనా పెద్ద ఫాల్ట్ అయినా అయ్యుండాలి. ఇంక ముప్పావు గంట బ్యాటరీని పిండుకోవడం దేనికి? లెడ్ యాసిడ్ బ్యాటరీని అడుగంటా వాడితే దాని ఆయుష్షే తగ్గుతుంది. పైగా కరెంటు వచ్చీ పోతూ ఉండే రోజున రెండో కట్‌కి, మూడో కట్‌కి కూడా చార్జ్ మిగిలి ఉండాలి. అది మళ్లీ నిండడానికి గంటలు పడుతుంది.

యూపీఎస్‌కి ఉన్న డేటా కేబుల్ ఒక్కటే, మెషీన్లు రెండు. ఇక్కడ నట్ అసలు గొప్పతనం బయటపడుతుంది. అదే ట్యాబ్‌లో నెట్‌వర్క్ యూపీఎస్ సర్వర్ ఆన్ చేస్తే కేబుల్ ఉన్న సైనాలజీ సర్వర్ అవుతుంది, మిగతా మెషీన్లు నెట్‌వర్క్ మీద 3493 పోర్ట్‌లో దాన్ని అడిగి తెలుసుకుంటాయి. ప్రాక్స్‌మాక్స్‌లో నట్ క్లయింట్ మనమే ఇన్‌స్టాల్ చేసుకోవాలి. సైనాలజీ వైపు యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ వాళ్లు ముందే పెట్టేసినవి, ప్రపంచానికంతా తెలిసినవే, కాబట్టి అనుమతించే ఐపీల జాబితాలో మీ మెషీన్ల అడ్రస్‌లు మాత్రమే రాయండి, ఆ అడ్రస్‌లు మారకుండా రౌటర్‌లో రిజర్వ్ చేయండి. హోమ్ అసిస్టెంట్ (ఇంటి స్మార్ట్ పరికరాల్ని నడిపే సాఫ్ట్‌వేర్) ఉంటే దానికీ నట్ ఇంటిగ్రేషన్ ఉంది, బ్యాటరీ శాతం, లోడ్ అన్నీ ఫోన్‌లో కనబడతాయి. ఓఎల్ అంటే లైన్ మీద, ఓబీ అంటే బ్యాటరీ మీద, ఎల్‌బీ అంటే బ్యాటరీ అయిపోవచ్చింది, ఈ మూడు స్టేటస్‌లు తెలిస్తే చాలు. ఇదంతా నెట్‌వర్క్ మీద నడిచే కబురు కాబట్టి స్విచ్ కూడా యూపీఎస్ మీదే ఉండాలి. ఇది మరీ చిన్న విషయంలా ఉంటుంది గానీ, స్విచ్‌ని మామూలు సాకెట్‌కి పెట్టి, కరెంటు పోగానే మినీ పీసీకి కబురు అందక అది అలాగే నడుస్తూ చచ్చిపోయిన సెటప్‌లు నేను చూశాను.

ఆగడం కంటే తిరిగి లేవడం కష్టం, దీని గురించి ఎవరూ సరిగ్గా చెప్పరు. ఊహించుకోండి, ఐదు నిమిషాలైంది, మినీ పీసీ షట్‌డౌన్ అయింది, ఆరో నిమిషంలో కరెంటు వచ్చింది. యూపీఎస్ అవుట్‌పుట్ ఒక్క క్షణం కూడా ఆగలేదు, అంటే మినీ పీసీ దృష్టిలో కరెంటు పోనే లేదు, బయాస్‌లో (పీసీ మూల సెట్టింగుల్లో) కరెంటు రాగానే ఆన్ అవ్వమని పెట్టినా అది కదలదు. మీరు ఊరికెళ్లి ఉంటే వచ్చేదాకా అలాగే పడుంటుంది. దీనికి మందు, చివర్లో నాస్ చేత యూపీఎస్ అవుట్‌పుట్‌నే కట్ చేయించడం, సైనాలజీలో దానికి వేరే టిక్ ఉంది. అప్పుడు కరెంటు వచ్చాక యూపీఎస్ మళ్లీ అవుట్‌పుట్ ఇస్తుంది, అన్నీ నిజంగా కరెంటు వచ్చినట్టు లేస్తాయి. నాస్‌లో ఆటోమేటిక్‌గా రీస్టార్ట్ అయ్యే ఆప్షన్ కూడా ఆన్‌లో ఉంచండి. కానీ ఇందులో ఒక మెలిక ఉంది: వర్చువల్ మెషీన్లు ఆగడానికి రెండు మూడు నిమిషాలు పట్టొచ్చు, నట్‌లో సర్వర్ మిగతావాళ్ల కోసం ఎదురుచూసే డిఫాల్ట్ టైమ్ 15 సెకన్లు. అందుకే మినీ పీసీని నాస్ కంటే ముందే ఆపాలి, కరెంటు పోయిన రెండు నిమిషాలకే షట్‌డౌన్ మొదలయ్యేలా నట్‌లో ఉండే యూపీఎస్-షెడ్ టైమర్ పెట్టాను. ఇంట్లో ఫొటోలు, వీడియోలు చూసుకునేవాళ్లకి సర్వీసులు కాసేపు ఆగడం వల్ల నష్టమేం లేదు, అమ్మ సీరియల్ టీవీలోనే వస్తుంది.

"జెడ్ఎఫ్ఎస్ వాడుతున్నాను, నాకెందుకు ఇవన్నీ" అనేవాళ్లున్నారు, జెడ్ఎఫ్ఎస్ అంటే డిస్కుల మీద ఫైళ్లు రాసే ఒక పద్ధతి. నిజమే, జెడ్ఎఫ్ఎస్ పాత బ్లాక్ మీద రాయదు కాబట్టి కరెంటు పోయినా పూల్ (డిస్కులన్నీ కలిపిన నిల్వ) సాధారణంగా పాడవదు, మెమరీలో ఉన్న చివరి కొన్ని సెకన్ల రాతలు మాత్రం పోతాయి. కానీ లైనక్స్ ఎండీ రెయిడ్5 (ఒక డిస్క్ పోయినా డేటా నిలిచేలా డిస్కుల్ని కలిపే పద్ధతి) మీద నడిచేవాటికి రైట్ హోల్ భయం ఉంది, డేటా రాసి ప్యారిటీ (పోయిన డేటాని తిరిగి కట్టే లెక్క) రాసేలోపు కరెంటు పోతే రెండూ పొసగవు. ఆ తర్వాత డిస్కులన్నీ చదివి సరిచూసే స్క్రబ్బులు, ప్యారిటీ చెకింగులు పెద్ద డిస్కుల మీద గంటల కొద్దీ, ఒక్కోసారి రోజంతా సాగుతాయి. ఆ టెన్షన్‌తో పోలిస్తే యూపీఎస్ ఖర్చు ఎక్కువేం కాదు.

బ్యాటరీ దగ్గరికొద్దాం. లోపల ఉండేవి సీల్డ్ లెడ్ యాసిడ్ బ్యాటరీలు. వీటి ఆయుష్షు మూడు నుంచి ఐదేళ్లు అని రాసేది 25 డిగ్రీల గది లెక్కన. వేడి ప్రతి పది డిగ్రీలు పెరిగితే జీవితం దాదాపు సగమవుతుంది. మే నెలలో విజయవాడలో, రామగుండంలో, రెంటచింతలలో మూసి ఉన్న గది వేడి ఎంతుంటుందో మనకి తెలుసు. అందుకే టీవీ యూనిట్ అరలో, అటక మీద, షూ ర్యాక్ పక్కన మూసిన అల్మారాలో పెట్టకండి. ఇంట్లో చల్లగా ఉండే గదిలో, నేల మీద, చుట్టూ గాలి ఆడేలా పెట్టండి. నేనైతే మూడో వేసవికి బ్యాటరీ మార్చాల్సిందే అని ముందే లెక్కలో వేసుకున్నాను. ఈ మోడల్‌లో బ్యాటరీ మనమే తీసి మార్చుకోవచ్చు, సర్వీస్ సెంటర్ చుట్టూ తిరగక్కర్లేదు, నా దృష్టిలో ఇది పెద్ద ప్లస్.

ఆరు నెలలకోసారి పరీక్ష చేయండి. స్క్రీన్ మీద కనబడే నిమిషాలు అంచనా మాత్రమే, ముసలి బ్యాటరీ 40 నిమిషాలు చూపించి ఐదో నిమిషంలో పడిపోగలదు. పరీక్షకి ప్లగ్ పీకకండి, గోడ సాకెట్ స్విచ్ ఆపండి, అప్పుడు ఎర్త్ వైరు కలిసే ఉంటుంది. ఎర్త్ అంటే గుర్తొచ్చింది, చాలా ఇళ్లలో మూడో రంధ్రం అలంకారానికే, వెనక వైరే ఉండదు. ఎర్త్ లేకపోతే సర్జ్ రక్షణ అన్న మాటకి పెద్ద అర్థం లేదు, ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఒకసారి చూపించుకోండి.

నాస్ లేదు, వర్క్ ఫ్రమ్ హోమ్‌కి నెట్ పోకుండా ఉంటే చాలు అంటే ఇంత పెట్టె అనవసరం. రెజొనేట్, క్యూజర్ లాంటి వాళ్ల 12 వోల్ట్ల రౌటర్ యూపీఎస్ సరిపోతుంది, ఓఎన్‌టీ అడాప్టర్ మీద 12 వోల్ట్లే ఉందా, ఎన్ని ఆంపియర్లు అన్నది మాత్రం చూసి తీసుకోండి. దీన్ని నాస్‌కి తగిలించే ఆలోచన చేయకండి. ఆన్‌లైన్ యూపీఎస్ (ఎప్పుడూ తన ఇన్వర్టర్ ద్వారానే కరెంటు ఇచ్చే రకం) అమ్మజూపుతారు, మారే సమయం సున్నా, వేవ్ శుభ్రంగా ఉంటుంది, నిజమే, కానీ దాని ఫ్యాన్ రాత్రీ పగలూ తిరుగుతూనే ఉంటుంది, 24 గంటలూ కరెంటు మారుస్తూ ఉంటుంది కాబట్టి బిల్లులో కొంత దానికే పోతుంది. పడక గది పక్కన పెట్టాలంటే ఇంట్లో ఒప్పుకోరు. ఏపీసీ మామూలప్పుడు అలికిడి లేకుండా ఉంటుంది. బీప్ మాత్రం గట్టిగానే అరుస్తుంది, మ్యూట్ బటన్ నొక్కి పట్టుకుంటే ఆగుతుంది, తెచ్చిన రోజే ఆ పని చేసేయండి.

బ్యాటరీ మార్చేటప్పుడు అమరాన్ క్వాంటా గానీ, ఎక్సైడ్ గానీ తీసుకోవచ్చు. అమరాన్ మన తిరుపతి అమరరాజా వాళ్లదే. పాతదాని మీద రాసున్న వోల్టేజ్, ఏహెచ్, టెర్మినల్ సైజ్ అన్నీ కొత్తదానితో కలవాలి, రెండు బ్యాటరీలుంటే రెండూ ఒకేసారి, ఒకే బ్రాండ్‌వి మార్చండి. లిథియం పెట్టొచ్చా అని అడుగుతుంటారు, ఈ చార్జర్ లెడ్ యాసిడ్ కోసం చేసింది, వద్దు. పాతవి చెత్తలో వేయకండి, సీసం ఉంటుంది, షాపువాళ్లు తూకం వేసి బిల్లులో తగ్గిస్తారు. కొత్తదాని మీద తయారీ తేదీ తప్పకుండా అడిగి చూడండి. చార్జ్ చేయకుండా షెల్ఫ్ మీద ఏడాది పడున్న లెడ్ యాసిడ్ బ్యాటరీ కొత్త ధరకి కొన్న పాత బ్యాటరీయే, ఆరు నెలలు దాటిందంటే ఇంకోటి తెప్పించమనండి, లేదంటే పక్క షాపుకి వెళ్లండి.